టర్బో కారుకి ఏ కూలెంట్ పోయాలి: రంగు వదిలేసి నంబరు పట్టుకున్న డైరీ

సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ కారు కొని, కూలెంట్ ట్యాంకులో ఉన్నది ఏ కూలెంటో (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తెలియక తికమకపడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొలతలన్నీ నా బండివి. మీ బండికి లీటర్లు మారతాయి, లెక్క కట్టే పద్ధతి మారదు.

బండి: 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, యూరప్ కంపెనీది.
ఊరు: విశాఖపట్నం. రోజూ సిటీ ట్రాఫిక్, అప్పుడప్పుడు అరకు ఘాట్.
మాన్యువల్ చెప్పేది: కూలింగ్ సిస్టమ్ మొత్తం 5.6 లీటర్లు, ట్యాంకు మూత 1.4 బార్ (అది ఆపగల ఒత్తిడి), కూలెంట్ స్పెసిఫికేషన్ టీఎల్ 774-జి.
ఇబ్బంది: వెయ్యి కిలోమీటర్లకి దాదాపు 300 మి.లీ. కూలెంట్ తగ్గుతోంది. కింద ఒక్క చుక్క కూడా కనిపించదు. ట్యాంకులో రంగు పచ్చా కాదు, గులాబీ కాదు, చెరుకు రసంలా ఉంది.

పాత ఓనరుని అడిగితే, "లెవెల్ తగ్గినప్పుడల్లా మెకానిక్ ఏదో పోసేవాడండీ" అన్నారు. ఆ "ఏదో" ఏమిటో తేల్చడంతోనే పని మొదలైంది.

దశ 1: ఉన్నదాన్ని కొలవడం

కొత్త డబ్బా కొనేముందు పాతదాని సంగతి తెలియాలి. కొన్న పనిముట్లు ఇవి:

1. రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్‌లో నీళ్లతో కలిపే ఇథిలీన్ గ్లైకాల్ ఎంతుందో చూసే పరికరం, ఆ గ్లైకాల్ స్కేలు ఉన్నది): ₹900
2. పీహెచ్ స్ట్రిప్పులు: ₹250
3. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు చూసేది): ₹300
4. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని ఉష్ణోగ్రత లాంటి అంకెలు ఫోన్‌లో చూపించేది): ₹600

మల్టీమీటర్ ఇంట్లోనే ఉంది.

ఇప్పటివరకు ఖర్చు: ₹2,050

రిఫ్రాక్టోమీటర్‌తో మొదట వచ్చిన రీడింగ్ −7 (ఆ కూలెంట్ గడ్డకట్టే డిగ్రీలు). దాన్ని నమ్మొచ్చా అని అనుమానం వచ్చింది. ఇలాంటి చవక పరికరాలకి ఉష్ణోగ్రత తేడాని సర్దుకునే శక్తి 10 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటుంది. నేను కొలిచింది మధ్యాహ్నం రెండింటికి, కారు షెడ్డు కింద. గ్లైకాల్ వేడెక్కితే వక్రీభవనం తగ్గి, ఉన్నదానికన్నా పలచగా చూపిస్తుంది. అందుకని పరికరాన్నీ, సీసాలో తీసిన నమూనానీ, డిస్టిల్డ్ వాటర్‌నీ ఏసీ గదిలో గంటసేపు ఉంచి, ముందు నీళ్లతో సున్నా సెట్ చేసి మళ్లీ చూశాను. ఈసారి −12 వచ్చింది. అంటే గ్లైకాల్ 25 శాతం దగ్గర. ఏ రీడింగ్ నమ్మాలన్నా ముందు సున్నా సరిచూసుకోండి.

మిగతావి:

- పీహెచ్: 7 దగ్గర. కొత్త కూలెంట్ మామూలుగా 8 చుట్టూ ఉంటుంది.
- వోల్టేజీ: మల్టీమీటర్ నెగెటివ్ తీగ బ్యాటరీ నెగెటివ్‌కి, పాజిటివ్ మొన కూలెంట్‌లోకి (లోహానికి తగలకుండా). 0.45 వోల్టులు. గ్యారేజీల్లో 0.3 దాటితే మార్చమంటారు. ఇది మోటు లెక్కే. దీన్నొక్కదాన్నే పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

టీడీఎస్ మీటర్‌ని నేరుగా కూలెంట్‌లో ముంచి "వేలల్లో చూపిస్తోంది, పాడైపోయింది" అనేవాళ్లు ఉన్నారు. తుప్పు పట్టకుండా కలిపే ఇన్హిబిటర్లు కూడా లవణాలే. కొత్త కూలెంట్‌లోనూ ఆ మీటర్ ఎక్కువే చూపిస్తుంది. అది నీళ్లకి మాత్రమే వాడాల్సిన పరికరం.

25 శాతం గ్లైకాల్ అంటే గడ్డకట్టే భయం ఉందని కాదు. మన వైపు చలికి పేరుపడ్డ లంబసింగిలో కూడా ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వస్తుంది, అంతే. సమస్య వేరే ఉంది. ఇన్హిబిటర్లు గ్లైకాల్‌తో పాటే డబ్బాలో వస్తాయి. గ్లైకాల్ పలచబడితే అవీ అంతే పలచబడతాయి. అల్యూమినియం హెడ్, అల్యూమినియం రేడియేటర్ ఉన్న బండిలో ఆ లోటు చాలా ఖరీదైనది. యూరప్ బండ్ల మాన్యువల్స్‌లో వేడి దేశాల్లో కూడా 40 శాతం కన్నా తగ్గించవద్దని రాసేది అందుకే. సగం గ్లైకాల్, సగం నీళ్లు కలిపితే వచ్చే −37 అనే అంకె మనకి చలి లెక్క కాదు, ఇన్హిబిటర్ల మందు మోతాదు లెక్క.

దశ 2: లీకు, మూత

కూలెంట్ ఎంచుకునేముందు లీకు తేల్చాలి. లేకపోతే రెండు వేల రూపాయల కూలెంట్ గాల్లో కలుస్తుంది.

గ్యారేజీలో రెండు పరీక్షలు చేయించాను (₹700 రెంటికీ కలిపి):

1. హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పరీక్ష. ట్యాంకు మూతి దగ్గర నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి, ఇంజన్ నడుస్తుండగా ఆవిరి పీల్చారు. ఇంజన్ పొగ కూలెంట్‌లోకి వస్తుంటే నీలం పసుపు అవుతుంది. మాది నీలంగానే ఉంది. సగం టెన్షన్ అక్కడే తీరింది.
2. ప్రెషర్ పరీక్ష. ఇంజన్ చల్లగా ఉండగా చేతి పంపుతో 1.2 బార్ ఎక్కించారు. పావుగంటలో 0.9కి పడిపోయింది.

లీకు ఉంది, తడి లేదు. టార్చి పెట్టి వెతికితే టర్బో నుంచి తిరిగి వచ్చే సన్నని కూలెంట్ పైపు మొదట్లో, ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) చుట్టూ గులాబీ తెలుపు పొడి పట్టి ఉంది. చుక్క బయటికి రాగానే టర్బో వేడికి ఎండిపోతోంది. నేల మీద మరక పడే అవకాశమే లేదు. టర్బో బండిలో లెవెల్ తగ్గుతూ కింద తడి లేకపోతే మొదట చూడాల్సిన చోటు ఇదే. నీటి కోసం కాదు, ఎండిన పొడి కోసం వెతకండి.

మూతని విడిగా అదే పంపుకి తగిలిస్తే 0.9 బార్‌కే వదిలేసింది. మూత మీద అచ్చు వేసింది 1.4.

దీన్ని చిన్న విషయంగా తీసిపారేస్తారు. ఒకసారి లెక్క చూడండి. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. 1.4 బార్ మూత పెడితే ఉత్త నీళ్లు కూడా దాదాపు 126 వరకు ఆగుతాయి. సగం గ్లైకాల్ కలిపితే మామూలు ఒత్తిడిలో మరిగే స్థానం 107, 108 దగ్గర. అంటే మూత 26 డిగ్రీలు ఇస్తుంటే గ్లైకాల్ ఇచ్చేది ఏడో ఎనిమిదో. "వేడికి తట్టుకునే కూలెంట్" అని డబ్బు పోసే ముందు ఆరేడు వందల మూత మార్చడం తెలివైన పని.

టర్బోకి ఈ డిగ్రీలు ఎందుకు ముఖ్యమంటే, పెట్రోల్ ఇంజన్‌లో టర్బైన్ (పొగతో తిరిగే టర్బో చక్రం) వైపు వచ్చే పొగ 900 డిగ్రీలు దాటుతుంది. పక్కనే బేరింగులున్న భాగం చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. ఘాట్ ఎక్కి వచ్చి వెంటనే తాళం తీస్తే ఇంజన్‌తో తిరిగే వాటర్ పంపు ఆగిపోతుంది, టర్బైన్ వేడి మాత్రం బేరింగుల వైపు పాకుతూనే ఉంటుంది. అప్పుడు ఆ చిన్న అరలో కూలెంట్ మరిగితే వేడి లాగే పని కుంటుపడుతుంది, బేరింగులో ఆయిల్ మాడి బొగ్గవుతుంది. అందుకే కొన్ని బండ్లలో ఇంజన్ ఆపాక కూడా చిన్న ఎలక్ట్రిక్ పంపు కొంతసేపు తిరుగుతుంది. మా బండిలో ఆ గుర్రుమనే శబ్దం వినిపిస్తుంది. అది జబ్బు కాదు.

మార్చినవి: మూత ₹650, ఓ-రింగ్ ₹180, ఆ పైపుకి రెండు కొత్త క్లిప్పులు ₹240. పాత క్లిప్పులు స్ప్రింగువి. వాటి పట్టు సడలింది. తిరిగి స్ప్రింగు క్లిప్పులే వేశాం. స్క్రూ క్లిప్పు వేస్తే వేడికి రబ్బరు ఉబ్బి, చల్లారి, మళ్లీ వదులవుతుందని రేడియేటర్ షాపు పెద్దాయన వద్దన్నారు. "బాబూ, స్ప్రింగుదైతే అదే సర్దుకుంటది. స్క్రూదైతే నువ్వే బిగిస్తా ఉండాల" అన్నారు. ఆ మాట నిజమే.

మళ్లీ 1.2 బార్ ఎక్కిస్తే పావుగంట తర్వాత కూడా ముల్లు కదల్లేదు.

ఇప్పటివరకు ఖర్చు: ₹3,820

దశ 3: నీళ్లు

కూలెంట్‌లో సగానికి పైగా నీళ్లే. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటి చుట్టుపక్కల దొరికే నీళ్లన్నీ మీటర్‌తో చూశాను (పీపీఎంలలో):

- బోరు నీళ్లు: 740
- మున్సిపల్ కుళాయి: 180
- ఆర్వో ఫిల్టర్: 45
- ఏసీ పైపు నుంచి కారే నీళ్లు: 12
- పెట్రోల్ బంకు పక్క షాపులో "డిస్టిల్డ్" అని చీటీ అంటించిన క్యాను: 96
- సీలు ఉన్న బ్యాటరీ వాటర్: 3

96 చూపించిన క్యాను ₹100 పెట్టి కొన్నది. తిరిగి తీసుకోలేదు. గచ్చు కడగడానికి వాడాం. క్యాను మీద మాట కాదు, మీటర్ మాట వినాలి.

ఏసీ నీళ్ల గురించి చాలామంది అడుగుతారు, ముఖ్యంగా వైజాగ్‌లో. ఈ ఉక్కపోతకి బకెట్ నిండటానికి ఎంతసేపు! మీటర్ మీద అంకె బాగానే ఉన్నా అవి రాగి గొట్టాల మీదుగా, దుమ్ము పట్టిన రెక్కల మీదుగా, నాచు పట్టిన పైపులోంచి వస్తాయి. రాగి కలిసిన నీళ్లు అల్యూమినియంకి మంచివి కావు. మొక్కలకి పోసుకోండి. ఆర్వో నీళ్లు కూడా నేను వాడలేదు. 45లో ఎంత భాగం క్లోరైడో ఆ మీటర్ చెప్పదు, అల్యూమినియంకి చిల్లులు పెట్టేది ఆ క్లోరైడే.

సీసా పరీక్ష కూడా ఒకటి పెట్టాను. మూత బిగించిన గాజు సీసాల్లో వేర్వేరు మిశ్రమాలు కలిపి డాబా మీద ఎండలో వదిలేశాను.

1. ఫాస్ఫేట్ ఉన్న జపాన్ రకం + బోరు నీళ్లు: తెల్లారేసరికి మసక, తర్వాత అడుగున తెల్లటి మడ్డి.
2. అదే కూలెంట్ + బ్యాటరీ వాటర్: తేటగా ఉంది.
3. సిలికేట్ కలిసిన యూరప్ రకం + బ్యాటరీ వాటర్: తేటగా ఉంది.
4. పాత ఆకుపచ్చది + గులాబీది సగం సగం: రంగు చెడింది, అంతకు మించి ఏమీ కాలేదు.

మొదటి సీసాలో పడింది కాల్షియం ఫాస్ఫేట్. కాఫీ గిన్నెలకి సున్నం పట్టినట్టే రేడియేటర్ లోపలా పడుతుంది. యూరప్ కంపెనీలు ఫాస్ఫేట్‌కి దూరంగా ఉండటానికి అక్కడి గట్టి నీళ్లు (సున్నం ఎక్కువున్నవి) ఒక కారణం. నాలుగో సీసా ఆశ్చర్యపరిచింది. రెండు రంగులు కలిస్తే జెల్లీ అయిపోతుందని అందరూ అంటారు, నా సీసాలో కాలేదు. కానీ దాన్ని చూసి కలిపేయొచ్చని అనుకోవద్దు. ఎండలో నిలబెట్టిన సీసా వేరు, టర్బో పక్కన మరిగే అర వేరు. పైగా కలిపినప్పుడు జరిగే అసలు నష్టం కంటికి కనపడదు. రెండు రకాల ఇన్హిబిటర్లూ సగం సగమై, ఏ ఒక్కటీ తన పని పూర్తిగా చేయదు.

మంచి బ్యాటరీ వాటర్ 5 లీటర్ల క్యాన్లు మూడు, ₹480. పారబోసిన క్యానుతో కలిపి ₹580.

ఇప్పటివరకు ఖర్చు: ₹4,400

దశ 4: ఏ కూలెంట్

ఆటోనగర్ షాపులో మొదట విన్న మాట: "గ్రీన్ అయినా పింక్ అయినా ఒకటే సార్, కలర్ తేడా అంతే." విచిత్రంగా, ఈ మాటలో సగం నిజం ఉంది. రంగు అనేది కలిపిన డై మాత్రమే. దానికి ప్రపంచంలో ఏ ప్రమాణమూ లేదు. హోండా నీలం, టయోటా గులాబీ, ఫోక్స్‌వ్యాగన్ గులాబీ ఊదా, జనరల్ మోటార్స్ నారింజ. టయోటా గులాబీలో ఫాస్ఫేట్ ఉంటుంది, సిలికేట్ ఉండదు. ఫోక్స్‌వ్యాగన్ గులాబీ ఊదాలో సిలికేట్ ఉంటుంది, ఫాస్ఫేట్ ఉండదు. బల్బు వెలుతురులో రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. రంగు ఒకటే కదా అని పోస్తే మందు వేరు, రంగు వేరు కదా అని భయపడితే మందు ఒకటే కావచ్చు.

రకాలు క్లుప్తంగా:

- పాతకాలపు ఆకుపచ్చ రకం: సిలికేట్, బోరేట్ లాంటివి. లోహాన్ని వెంటనే కప్పేస్తుంది, త్వరగా అరిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలం నాటిది.
- ఓఏటీ: ఆర్గానిక్ ఆమ్లాలు. తుప్పు మొదలయ్యే చోటే పని చేస్తుంది కాబట్టి మెల్లగా ఖర్చవుతుంది, ఐదేళ్ల దాకా వస్తుంది. రక్షణ పొర ఏర్పడటం నెమ్మది.
- ఫాస్ఫేట్ కలిసిన ఓఏటీ: జపాన్ బండ్లలో ఎక్కువ. సిలికేట్ వల్ల వాటర్ పంపు సీలు అరుగుతుందని వాళ్ల వాదన. మంచి నీళ్లతో కలిపితే చక్కటి రకం.
- సిలికేట్ కలిసిన ఓఏటీ: యూరప్ రకం. సిలికేట్ అల్యూమినియంని వెంటనే కప్పుతుంది, ఆమ్లాలు దీర్ఘకాలం కాపాడతాయి. గ్లైసాంటిన్ జి40, టీఎల్ 774-జి ఈ కోవలోవి.

మా బండి మాన్యువల్ అడిగింది నాలుగోది. నాకూ అదే సబబు అనిపించింది. అల్యూమినియం వేడెక్కి, కూలెంట్ దాన్ని అంటుకుని మరిగే చోట్లు టర్బో ఇంజన్‌లో ఎక్కువ. అక్కడ పొర త్వరగా ఏర్పడాలి. అలాగని జపాన్ టర్బో ఉన్నవాళ్లు ఇది చదివి సిలికేట్ రకం పోయొద్దు. ఆ పంపు సీలు, ఆ గాస్కెట్లు ఆ కంపెనీ తన కూలెంట్‌తోనే పరీక్షించుకుంది. మాన్యువల్‌లో ఏముంటే అదే.

డబ్బా వెనక ఏం చూడాలో చెప్తాను. ముందు వైపు రాసేదంతా ప్రకటన.

1. ఐఎస్ 5759, జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి3306 అని ఉంటే కనీస అర్హత ఉన్నట్టు. అంతటితో ఆగకూడదు, అది పది పాసైనట్టు మాత్రమే.
2. కారు కంపెనీ నంబరు ఉందా? మాకు టీఎల్ 774-జి. ఫోర్డ్, మెర్సిడెస్ లాంటివాళ్లకి వాళ్ల నంబర్లు వేరే ఉంటాయి.
3. ఆ నంబరు పక్కన "అప్రూవల్" అని ఉందా, "సూటబుల్ ఫర్" అని ఉందా? మొదటిది కారు కంపెనీ ఇచ్చిన అనుమతి. రెండోది డబ్బా అమ్మేవాడి మాట.
4. కాన్సన్‌ట్రేటా (మనం నీళ్లు కలపాల్సింది), రెడీ మిక్సా (నీళ్లు కలిపి వచ్చేది)?

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లున్నవాళ్లకి ఒక మాట. జి13 అనే టీఎల్ 774-జె రకంలో గ్లిజరిన్ ఉంటుంది. దాన్ని మామూలు ఇథిలీన్ గ్లైకాల్ స్కేలు మీద కొలిస్తే అంకె తప్పు వస్తుంది. ఇప్పుడు కొత్తగా వచ్చేది టీఎల్ 774-ఎల్, అంటే జి12 ఈవో.

వద్దనుకున్నవి రెండు. ఒకటి, నీళ్లే లేని కూలెంట్. 180 డిగ్రీలు దాటినా మరగదు, నిజమే. కానీ నీళ్లకున్నంత వేడి మోసే శక్తి దానికి లేదు. లోపల తడి ఏమాత్రం మిగలకుండా కడగాలి, దారిలో తగ్గితే ఎక్కడా దొరకదు. రెండు, "ఎండాకాలం కదా, నీళ్లు కలపకుండా చిక్కగా పోసేయండి" అనే సలహా. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌళ్లు కావాలి, ఉత్త గ్లైకాల్‌కి దాదాపు 2.4 చాలు. అంటే చిక్కగా పోస్తే వేడి మోసే కూలీని సగం చేసుకున్నట్టు. పైగా ఉత్త గ్లైకాల్ −13 దగ్గరే గడ్డకడుతుంది, సగం నీళ్లు కలిపితేనే −37 దాకా ఆగుతుంది. చిక్కదనం ఎక్కువైతే గొప్ప అనే లెక్క ఎటు చూసినా నిలవదు.

నేను పెట్టుకున్న పాలు: 45 శాతం. 40కి పైన కొంచెం వెసులుబాటు, వేడి మోయడానికి నీళ్లు తగినన్ని.

కొన్నది: అప్రూవల్ నంబరు ఉన్న కాన్సన్‌ట్రేట్, ఒకటిన్నర లీటరు డబ్బాలు రెండు, ₹2,160. రెడీ మిక్స్ ఎందుకు కొనలేదో తర్వాతి దశలో లెక్కతో సహా ఉంది.

ఇప్పటివరకు ఖర్చు: ₹6,560

దశ 5: కడగడం

ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారి పోయి 100 దాటిన నీళ్లు ఆవిరై ముఖాన పడతాయి.

1. ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద దించాను. జాకీ మీదే ఉంచి కిందికి దూరొద్దు.
2. కింద టబ్బు పెట్టి, రేడియేటర్ కింది పైపు క్లిప్పు తీసి వదిలాను.
3. వచ్చినదాన్ని కొలజగ్గుతో కొలిచాను: 3.4 లీటర్లు.

5.6లో 3.4 పోతే 2.2 లీటర్లు ఇంజన్ బ్లాకులో, హీటర్‌లో, టర్బో పైపుల్లో ఉండిపోయాయి. ప్రాజెక్టు మొత్తంలో ముఖ్యమైన అంకె ఇదే. షాపుల్లో "మార్చేశాం సార్" అనేది ఈ 3.4 గురించి. మిగతా 2.2 పాతదే.

అప్పుడు రెడీ మిక్స్ పోస్తే ఏమయ్యేది? పాత కూలెంట్‌ని నీళ్లతో కడిగేస్తే లోపల 2.2 లీటర్లు ఉత్త నీళ్లు ఉంటాయి. దాని మీద 50 శాతం మిక్స్ 3.4 లీటర్లు పోస్తే గ్లైకాల్ 1.7 లీటర్లు. 5.6లో 1.7 అంటే 30 శాతం. కొత్త కూలెంట్ పోసి కూడా కనీస మోతాదుకి చాలా కిందే ఉండేవాళ్లం. కడిగిన బండికి కాన్సన్‌ట్రేట్ మాత్రమే.

ప్రతిసారీ 3.4 లీటర్ల బ్యాటరీ వాటర్ పోసి, ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ కవాటం తెరుచుకునేదాకా హీటర్ ఫుల్‌లో పెట్టి నడిపి, చల్లార్చి వదిలాను. ప్రతిసారీ పాతది 39 శాతానికి తగ్గుతుంది:

- మొదటి కడుగు తర్వాత పాతది మిగిలింది: 39 శాతం
- రెండో కడుగు: 15 శాతం
- మూడో కడుగు: 6 శాతం

నాలుగోది పోస్తే 2.4 అయ్యేది. మూడో నీళ్లు గాజు గ్లాసులో తేటగా వచ్చాయి, ఆపేశాను. రెండో కడుగులో మాత్రం సన్నటి గోధుమ రంగు మడ్డి వచ్చింది. కెమికల్ ఫ్లష్ వాడాలా అని ఆలోచించి మానుకున్నాను. మడ్డి మెత్తగా ఉంది, రేడియేటర్ పైనుంచి కింది దాకా ఒకే వేడితో ఉంది, అంటే గొట్టాలు మూసుకుపోలేదు. ఆమ్లం ఉన్న ఫ్లష్ లోపల కొంచెం మిగిలిపోయినా కొత్త ఇన్హిబిటర్లని తినేస్తుంది.

వాడిన నీళ్లు: 10.2 లీటర్లు
బయటికి వచ్చిన వ్యర్థం: 13.6 లీటర్లు

ఆ 13.6 లీటర్లని డ్రైనేజీలో పారబోయలేదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు నాకితే కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. పని జరుగుతున్నంతసేపూ టబ్బు మీద పలక మూసి ఉంచాను. చివరికి క్యాన్లలో పట్టి రేడియేటర్ షాపు పీపాలో పోయించాను. ఆయిల్ వ్యర్థంతో మాత్రం కలపనివ్వలేదు.

దశ 6: నింపడం, గాలితో తంటా

లెక్క:

5.6 లీటర్లలో 45 శాతం = 2.52 లీటర్ల కాన్సన్‌ట్రేట్
మిగిలిన చోటు = 3.4 − 2.52 = 0.88 లీటర్ల నీళ్లు

ముందు కాన్సన్‌ట్రేట్ మొత్తం పోశాను. తర్వాత నీళ్లు. 0.38 లీటరు పోయేసరికి ట్యాంకు నిండిపోయింది. ఇంకా అర లీటరు జగ్గులోనే ఉంది.

జగ్గుతో కొలవకపోతే "నిండింది" అని మూత పెట్టేసేవాళ్లం. లోపల అర లీటరు గాలి ఎక్కడో కూర్చుంది. ఇంజన్ స్టార్ట్ చేసి ఓబీడీ చూస్తుంటే 96, 101, 107, 112. హీటర్ ఫుల్‌లో ఉన్నా వెంట్ల నుంచి చల్లగాలే వస్తోంది. డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం మధ్యలోనే హాయిగా ఉంది. చాలా కార్లలో ఆ ముల్లు ఓ పరిధిలో కదలకుండా ఉండేలా చేస్తారు, దాన్ని నమ్ముకోవద్దు. 112 దగ్గర ఇంజన్ ఆపేశాను.

మారిన పద్ధతి:

1. చల్లారాక, బండి ముందు చక్రాలు ర్యాంపు మీదకి ఎక్కించి ట్యాంకు అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా చూశాను.
2. హీటర్ పైపు మీదున్న చిన్న గాలి రంధ్రం బయటికి వచ్చేదాకా పైపుని కొంచెం వెనక్కి లాగాను. బుసబుసమని గాలి, తర్వాత బుడగలు, చివరికి గులాబీ ధార. పైపు తోసి క్లిప్పు వేశాను.
3. రేడియేటర్ పై పైపుని చేత్తో పిసికి వదులుతూ, ట్యాంకులో బుడగలు ఆగేదాకా నీళ్లు కొంచెం కొంచెంగా పోశాను.
4. మూత పెట్టి స్టార్ట్ చేసి, 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచాను. 94 దగ్గర ఫ్యాన్ లేకుండానే నిలబడింది. వెంట్లలో వేడిగాలి.
5. చల్లారాక జగ్గులో మిగిలింది పోశాను.

మొత్తం 0.88 లోపలికి వెళ్లింది. గాలి పోయిందనడానికి నాకు ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు. గ్యారేజీలో వాక్యూమ్‌తో నింపే పరికరం ఉంటే ఈ తంటా అంతా పది నిమిషాల్లో తేలిపోతుంది. మళ్లీ చేస్తే దానికే డబ్బిస్తాను.

కొద్దిగా తిరిగాక, ఏసీ గదిలో సున్నా సెట్ చేసిన రిఫ్రాక్టోమీటర్‌లో −30. అనుకున్న 45 శాతానికి సరిగ్గా సరిపోయింది. పీహెచ్ 8.

దశ 7: ఘాట్ మీద

పని మొదలుపెట్టకముందే ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మీద ఏసీ వేసి, రెండో గేరులో ఎక్కుతూ ఓబీడీ అంకెలు రాసుకున్నాను. అదే దారి, నలుగురు మనుషులు, మళ్లీ.

- ముందు: ఎక్కువలో ఎక్కువ 109
- ఇప్పుడు: ఎక్కువలో ఎక్కువ 103

ఆరు డిగ్రీలు తగ్గింది కదా అని కూలెంట్ డబ్బాకి దండ వేయొద్దు. బయట ఎండ రెండు రోజులూ ఒకేలా లేదు. తగ్గిన వేడిలో ఎక్కువ భాగం లెవెల్ నిండుగా ఉండటం, లోపల గాలి లేకపోవడం వల్లేనని నా అంచనా. మూత వల్ల ఉష్ణోగ్రత తగ్గదు, మరిగే హద్దు పెరుగుతుంది. కొత్త కూలెంట్ పని ఓబీడీలో కనిపించదు. అది కనిపించేది ఐదేళ్ల తర్వాత వాటర్ పంపు విప్పినప్పుడు, లోపల రెక్కలు నున్నగా ఉంటే.

అరకులో ఆగేముందు చివరి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపాను. ఆపాక ఎలక్ట్రిక్ పంపు తిరిగింది. బానెట్ తెరిచి వింటే టర్బో వైపు ముందు వినిపించిన, కూలెంట్ మరిగే గురగుర శబ్దం (పంపుది కాదు) లేదు.

దశ 8: మిగిలినవి, ఇకమీదట

వెయ్యి కిలోమీటర్లకి ట్యాంకు లెవెల్ 40 మి.లీ. తగ్గింది. చివరి బుడగలు పోయి ఉంటాయి. తర్వాతి వెయ్యికి గీత దగ్గరే ఉంది. ఓ-రింగ్ దగ్గర పొడి లేదు.

మిగిలిన సరుకు: కాన్సన్‌ట్రేట్ 0.48 లీటరు, నీళ్లు 3.92 లీటర్లు. ఆ 0.48కి 0.59 లీటరు నీళ్లు కలిపి, 45 శాతం టాప్-అప్ సీసా చేసి డిక్కీలో పెట్టాను. కూల్‌డ్రింక్ సీసాలో పోయలేదు. కూలెంట్ డబ్బాలోనే కలిపి, మీద మార్కర్‌తో "విషం, తాగకూడదు" అని రాశాను.

బానెట్ లోపల అంటించిన చీటీలో ఉన్నవి: స్పెసిఫికేషన్ నంబరు, 45 శాతం, పోసిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, "వేరే ఏదీ పోయొద్దు, అత్యవసరమైతే బ్యాటరీ వాటర్ మాత్రమే". సర్వీసుకి ఇచ్చినప్పుడు మాట చెప్తే మర్చిపోతారు, చీటీ ఉంటే చూస్తారు.

ఇకమీదట చూసే హద్దులు:

1. వెయ్యి కిలోమీటర్లకి 100 మి.లీ. కన్నా ఎక్కువ తగ్గితే మళ్లీ ప్రెషర్ పరీక్ష.
2. రిఫ్రాక్టోమీటర్ −30 నుంచి −24కి వస్తే (40 శాతం దగ్గర) కాన్సన్‌ట్రేట్‌తో సరిచేయడం.
3. పీహెచ్ 7.5 కన్నా తగ్గితే లెవెల్ బాగున్నా మొత్తం మార్చడం.
4. దారిలో గత్యంతరం లేక కుళాయి నీళ్లు అర లీటరు దాటి పోయాల్సి వస్తే, ఇంటికొచ్చాక దశ 5 నుంచి మళ్లీ.

మొత్తం ఖర్చు: ₹6,560. అందులో పనిముట్లు ₹2,050, అవి మా బావ వాళ్ల కారుకి కూడా ఇప్పటికే పనికొచ్చాయి. అతనిది జపాన్ కంపెనీ బండి, ట్యాంకులో ఉన్నది నీలం. మాన్యువల్ తీసి చూస్తున్నాం.